ఇంప్లాంట్లు తీయించాక కొవ్వా, కొత్త సిలికానా, అసలేమీ వద్దా?

రొమ్ములో పెట్టించుకున్న సిలికాన్ తీయించేసి, ఆ చోట మన ఒంట్లోని కొవ్వే నింపించుకోవచ్చట కదా అని అడిగేవాళ్లు తిరుపతి, చిత్తూరు వైపు కూడా ఉన్నారిప్పుడు. ఎప్పుడో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనో, చెన్నైలోనో, విదేశంలో ఉన్నప్పుడో పెట్టించుకున్నవి. ఇప్పుడు గట్టిపడ్డాయనో, భయం పట్టుకుందనో, ఈ వయసులో ఇక ఎందుకులే అనిపించిందనో తీయించుకోవాలనుకుంటారు. వాళ్ల ఫోన్‌లో ఒక ప్రకటన కనపడుతుంది: సొంత కొవ్వే, సైడ్ ఎఫెక్టులు ఉండవు, పొట్ట కూడా తగ్గుతుంది.

ఆ మాటల్లో కొంత నిజముంది. ప్రకటన చెప్పనిది ఒకటుంది: 300 సీసీ సిలికాన్ తీసిన చోట 300 సీసీ కొవ్వు నిలవదు. కాబట్టి డాక్టర్ ముందు కూర్చుని "ఈ సైజు ఇలాగే ఉండాలి, సిలికాన్ మాత్రం వద్దు" అంటే ఆ కోరిక చాలామందికి తీరదు. "ఎంతవరకు తగ్గితే నాకు ఫర్వాలేదు?" అన్న ప్రశ్నకు ఇంట్లో కూర్చుని జవాబు తేల్చుకుని వెళ్లినవాళ్లకే ఏ దారి పట్టాలో సులువుగా తెలుస్తుంది.

అసలు ఎందుకు తీయించుకుంటున్నారు?

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మొదటిసారి సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు పెట్టారు. అప్పటి నుంచి తయారీ ఎంత మారినా ఆ సంగతి మారలేదు. అలాగని పదేళ్లు నిండగానే తీసేయాలన్న రూలు కూడా లేదు. నొప్పి లేదు, ఆకారం మారలేదు, స్కాన్‌లో పగులు లేదు అంటే పదిహేనేళ్ల ఇంప్లాంట్‌ని కూడా కదపక్కర్లేదు. చెక్ చేయించుకుంటూ ఉంటే చాలు. సిలికాన్ ఇంప్లాంట్ పగిలినా చాలాసార్లు బయటికి తెలియదు, జెల్ లోపలే ఉండిపోతుంది. అందుకే పెట్టించుకున్న అయిదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ తీయించుకోమని అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2020లో సూచించింది. ఉప్పునీళ్లవి, అంటే సెలైన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నవాళ్లకు ఈ అనుమానం అక్కర్లేదు. పగిలితే ఆ రొమ్ము చదునైపోతుంది, కంటికే కనిపిస్తుంది.

తీయాల్సిన కారణాల్లో ఎక్కువగా కనిపించేది గట్టిపడటం. శరీరం ఇంప్లాంట్ చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది, దాన్నే క్యాప్సూల్ అంటారు. అది అందరికీ ఏర్పడేదే. కొందరిలో మాత్రం అది బిగుసుకుపోయి ఇంప్లాంట్‌ని నొక్కేస్తుంది. దీన్ని నాలుగు గ్రేడ్లుగా చెబుతారు. మూడో గ్రేడ్‌లో ఆకారం తేడా కొడుతుంది, నాలుగులో నొప్పి కూడా మొదలవుతుంది. ఒకసారి ఇలా గట్టిపడినవాళ్లకు కొత్తది పెట్టినా మళ్లీ గట్టిపడే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. కొవ్వు వైపు మొగ్గడానికి నా దృష్టిలో బలమైన కారణం ఇదే.

ఇంకో కారణం ఉంది, దాన్ని మాత్రం వాయిదా వేయకూడదు. ఇంప్లాంట్ పెట్టిన కొన్నేళ్ల తర్వాత ఒక రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బినా, లోపల నీరు చేరినా, గడ్డ తగిలినా ముందు ఆ నీటిని తీసి పరీక్షకు పంపాలి. ఇంప్లాంట్ చుట్టూ పొరలో వచ్చే ఒక రకం లింఫోమా, అంటే క్యాన్సర్, ఉంది. అరుదైనదే, కానీ ఉంది. గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లు పెట్టించుకున్నవాళ్లలోనే ఇది దాదాపుగా కనిపించింది. అందుకే అలర్గాన్ కంపెనీ బయోసెల్ అనే తన గరుకు రకాన్ని 2019 జులైలో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పుడు కూడా లక్షణాలేవీ లేనివాళ్లు భయపడి తీయించుకోనక్కర్లేదనే ఎఫ్‌డీఏ చెప్పింది. మీకు ఏ రకం పెట్టారో తెలియాలంటే ఆపరేషన్ రోజు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు వెతకండి. దొరక్కపోతే పెట్టిన ఆసుపత్రికి రాసి ఆపరేషన్ నోట్స్ కాపీ తెప్పించుకోండి. బీరువాలో పెళ్లి పట్టుచీరల కింద ఈ కార్డు దొరికినవాళ్లున్నారు. ఎవరి కంటా పడకుండా దాచిన చోటు కాబట్టి ముందు అక్కడే చూడండి.

అలసట, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, మతిమరుపు లాంటివన్నీ ఇంప్లాంట్ వల్లేనేమో అని తీయించుకునేవాళ్లు మరికొందరు. తీయించాక తేలిగ్గా ఉందని చెప్పే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయలేం. అయితే దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష అంటూ ఏదీ లేదు. మన దగ్గర రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి లోపం ఇంటింటా ఉన్నవే. ముందు అవి చూపించుకోండి, అవసరమైతే కీళ్లవాతం డాక్టర్‌నీ కలవండి. ఆపరేషన్ అయ్యాక థైరాయిడ్ అని తేలితే ఆ బాధ వేరు.

కొవ్వు ఎలా నిలుస్తుంది, ఎందుకు కరుగుతుంది

పొట్ట, నడుము, తొడల నుంచి లైపోసక్షన్‌తో కొవ్వు తీసి, నీళ్లు, నూనె, రక్తం వేరుచేసి, సన్నటి గొట్టంతో చిన్న చిన్న చారలుగా రొమ్ము కణజాలంలోకి ఎక్కిస్తారు. ఎక్కించిన కొవ్వుకి మొదటి రోజుల్లో సొంత రక్తనాళం ఉండదు, పక్కనున్న కణజాలం నుంచి ఊరే ప్రాణవాయువుతోనే బతకాలి. ఆ ఊట రెండు మిల్లీమీటర్లు కూడా దాటి పోదు. కాబట్టి ముద్దగా పడిన కొవ్వులో అంచులు బతుకుతాయి, నడుమ చచ్చిపోతుంది. పొలంలో నారు మరీ ఒత్తుగా నాటితే ఏమవుతుందో ఇక్కడా అదే.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. ఇంప్లాంట్ తీసిన ఖాళీ సంచిలోకి కొవ్వు పోస్తారని చాలామంది అనుకుంటారు. అలా పోస్తే అది బతకదు, ఆ సంచిలో దానికి తిండి లేదు. కొవ్వుని చర్మం కింద, చుట్టూ ఉన్న కణజాలంలో, కండరంలో సర్దాలి. ఏళ్ల తరబడి ఇంప్లాంట్ ఒత్తిడికి ఆ కణజాలం పలచబడి ఉంటుంది. పలచని నేలలో ఎంత పడుతుందో అంతే. మామూలుగా ఒక విడతలో ఒక్కో వైపు 200 నుంచి 300 సీసీ దాకా ఎక్కిస్తారు, అందులో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా నిలుస్తుంది. ఎవరికెంత అని ముందే చెప్పగలిగే డాక్టర్ లేడు. మొదటి నెలలో కనిపించే నిండుతనంలో వాపు కూడా ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు. అసలు సైజు తెలిసేది మూడు నుంచి ఆరు నెలలకు. అప్పటికి నిలిచినది మాత్రం మీ ఒంట్లో భాగమే. బరువు పెరిగితే అదీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క వేసుకోండి. రెండు వైపులా కలిపి 500 సీసీ శుభ్రమైన కొవ్వు కావాలంటే, లాగేది లీటరుకు పైగానే ఉండాలి, ఎందుకంటే లాగినదాంట్లో బోలెడు నీళ్లుంటాయి. సన్నగా ఉండే అమ్మాయికి అంత కొవ్వు ఎక్కడిది? "ఓ నాలుగు కేజీలు పెరిగి రండి" అని కొన్ని చోట్ల అంటారు. ఆపరేషన్ అయ్యాక ఆ బరువు తగ్గించుకుంటే కష్టపడి ఎక్కించినదీ దాంతో పాటే పోతుంది. సన్నటివాళ్లకు ఇది నేను సలహా ఇవ్వను.

ఒకరిద్దరు పిల్లల్ని కని, పొట్ట చుట్టూ కాస్త చేరి, ఇంప్లాంట్ మరీ పెద్దది కాకుండా, "ఒక కప్పు తగ్గినా నాకు చాలు" అనుకునే నలభైలలోని ఆడవాళ్లకు మాత్రం ఇది చక్కగా కుదురుతుంది. చేత్తో తాకితే రొమ్ము లాగానే ఉంటుంది, చలికాలంలో చల్లగా తగలదు, మళ్లీ పదేళ్లకు పగిలిందా అన్న బెంగ లేదు. పొట్ట నుంచి తీసేముందు బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో చూడమని తప్పకుండా అడగండి. కాన్పుల తర్వాత చాలామందిలో చిన్నది ఉండి తెలియకుండానే ఉంటుంది, లైపోసక్షన్ గొట్టం అక్కడ గుచ్చుకుంటే పేగుకే ప్రమాదం. సిజేరియన్ మచ్చ ఉంటే అదీ చెప్పండి.

ఇక "సైడ్ ఎఫెక్టులు ఉండవు" అన్న మాట. బతకని కొవ్వు ఊరికే మాయమైపోదు. కొంత కరిగిపోతుంది, కొంత నూనె తిత్తిగా మిగులుతుంది, కొంత గట్టి గడ్డగా మారి ఏళ్ల తర్వాత సున్నపు చుక్కల్లా మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, కనపడుతుంది. చాలావరకు హాని లేనివే. అనుభవమున్న రేడియాలజిస్ట్ వాటిని గుర్తుపడతారు. అయినా అనుమానం తీరక సూది పరీక్ష చేయాల్సి వచ్చే సందర్భాలుంటాయి, స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలి నిద్రపట్టని రాత్రులూ ఉంటాయి. ఈ కారణంతోనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 1987లో రొమ్ములో కొవ్వు ఎక్కించడం వద్దంది. 2009 నాటికి స్కానింగ్ మెరుగై, పరిశోధనలు వచ్చాక ఆ మాట సడలించుకుంది. కొవ్వు ఎక్కించడం వల్ల క్యాన్సర్ పెరుగుతుందని ఇప్పటిదాకా తేలలేదు. అయినా అమ్మకో, అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే, ముందు క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడకుండా ఈ పనికి దిగవద్దు.

ఒకే సారా, ఆగి ఆగియా?

ఒకే మత్తులో ఇంప్లాంట్ తీసి కొవ్వూ ఎక్కించేసే పద్ధతి ఉంది. ఒకే ఖర్చు, ఒకే సెలవు, అద్దంలో చదునైన ఛాతీ చూసుకోవాల్సిన రోజులుండవు. ఆ చివరిది చిన్న విషయమేమీ కాదు. ఇంప్లాంట్ చిన్నదై, పొర మెత్తగా ఉండి, పగులు లేకపోతే ఈ పద్ధతి బాగానే ఉంటుంది.

కానీ పగిలి జెల్ బయటికి వచ్చినా, పొర బాగా గట్టిపడి మొత్తం ఒలిచి తీయాల్సి వచ్చినా, ఇన్ఫెక్షన్ ఉన్నా ముందు తీసేసి మూడు నుంచి ఆరు నెలలు ఆగడమే మంచిది. ఆ నెలల్లో చర్మం ఎంతో కొంత ముడుచుకుంటుంది, నొక్కుకుపోయిన సొంత కణజాలం కాస్త తేరుకుంటుంది. అప్పుడు అద్దంలో చూసుకుని "ఇది చాల్లే" అని అక్కడితో ఆగిపోయేవాళ్లున్నారు. వాళ్లకు రెండో ఆపరేషన్ ఖర్చు, కష్టం రెండూ తప్పుతాయి. ఏది ఎంచుకోవాలో తేలకపోతే ఆగే దారే పట్టండి. తీసేశాక కొవ్వు ఎప్పుడైనా ఎక్కించుకోవచ్చు, ఎక్కించిన కొవ్వుని మాత్రం వెనక్కి తీయలేం.

పొర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంప్లాంట్‌ని పొరతో సహా ఒకే ముద్దగా తీయాలని నెట్‌లో చదివి పట్టుబట్టేవాళ్లున్నారు. లింఫోమా అని తేలినప్పుడు పొర మొత్తం తీయాల్సిందే. మిగతా సందర్భాల్లో పలచగా, మెత్తగా ఉన్న పొరను పక్కటెముకల మీద నుంచి గీకి తీయబోతే రక్తస్రావం, ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరకు చిల్లు పడే ప్రమాదం పెరుగుతాయే తప్ప లాభం పెద్దగా ఉండదు. ఎంత తీయాలన్నది లోపల చూశాక సర్జన్ తేల్చాల్సిన సంగతి.

మిగతా దారులు

సైజు తగ్గడం అస్సలు ఒప్పుకోలేనివాళ్లు కొత్త ఇంప్లాంటే పెట్టించుకోవడం నిజాయితీ అయిన ఎంపిక. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కాకపోతే ఇది ఆఖరి ఆపరేషన్ కాదని తెలిసి పెట్టించుకోవాలి. పాతదానికంటే చిన్నది పెట్టి, అంచులు కనపడకుండా పైన కొద్దిగా కొవ్వు సర్దే కలగలుపు పద్ధతి కూడా ఉంది. సన్నగా ఉండి, కొవ్వు కొద్దిగానే దొరికే వాళ్లకు ఇది పనికొస్తుంది.

ఏమీ పెట్టకుండా తీసేయడం అన్నిటికంటే తేలిక, ఖర్చూ తక్కువే. పెద్ద ఇంప్లాంట్ మోసిన చర్మం జారుతుంది, అది ఖాయం. జారుడు ఎక్కువైతే చర్మం కత్తిరించి పైకి లేపే లిఫ్ట్ చేస్తారు. చనుమొన చుట్టూ, కిందికి నిలువుగా, ఒక్కోసారి మడత వెంబడి కూడా మచ్చలు మిగులుతాయి. కొవ్వు ఎక్కిస్తే జారిన రొమ్ము పైకి లేస్తుందని కొందరు నమ్మిస్తారు, అది నిజం కాదు. కొవ్వు నింపుతుంది, లేపదు. పొగతాగే అలవాటున్నా, షుగర్ అదుపులో లేకపోయినా ఏ ఆపరేషన్‌లోనైనా కుట్లు మానడం కష్టం. లిఫ్ట్‌లో అది ఇంకా ఎక్కువ.

"స్టెమ్ సెల్స్ కలిపిన కొవ్వు, నూటికి తొంభై నిలుస్తుంది" అని ఎవరైనా అదనంగా డబ్బు అడిగితే ఒక్క మాటే అడగండి: ఆర్నెల్ల తర్వాత కొలత సగానికి పడిపోతే ఆ డబ్బు వెనక్కి ఇస్తారా?

క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత పెట్టించుకున్నవాళ్లు

వీళ్ల లెక్క వేరు. రొమ్మంతా తీసేసిన చోట కొవ్వు సర్దడానికి చర్మం, పలచటి కండరం తప్ప ఏమీ మిగలదు. కొవ్వుతోనే పూర్తి రొమ్ము కట్టాలంటే చాలా విడతలు పడుతుంది. రేడియేషన్ తగిలిన చర్మానికి కొవ్వు మేలు చేస్తుంది, బిగుసుకుపోయినది మెత్తబడుతుంది. సైజు కోసమైతే పొట్ట దగ్గరి చర్మాన్నీ కొవ్వునీ రక్తనాళంతో సహా తెచ్చి ఛాతీలో కుట్టే ఫ్లాప్ ఆపరేషన్ గురించి అడగండి. పెద్ద ఆపరేషనే, మైక్రోస్కోప్ కింద నాళాలు కలిపే నేర్పు ఉన్న బృందం కావాలి. క్యాన్సర్ ఫాలోఅప్ తిరుపతిలో స్విమ్స్‌లోనో, టాటా ట్రస్టుల సాయంతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి స్వికార్‌లోనో నడుస్తుంటే ముందు అక్కడి డాక్టర్లకే ఈ ఆలోచన చెప్పి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. చిత్తూరు వాళ్లకు వెల్లూరు సీఎంసీ గంట దూరమే.

బీమా విషయంలో కూడా తేడా ఉంది. అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి ఆరోగ్య బీమా వర్తించదు. క్యాన్సర్, కాలిన గాయాలు, ప్రమాదం తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు లేదు. ఇంప్లాంట్ అందం కోసమే పెట్టించుకున్నా, ఇప్పుడు పగిలో, నొప్పితోనో తీయాల్సి వస్తే వైద్య అవసరమని డాక్టర్ రాసిచ్చిన కాగితంతో ముందే బీమా కంపెనీని అడిగి చూడండి. ఒప్పుకున్నా తీసే భాగానికే ఒప్పుకుంటారు, కొవ్వు ఎక్కించే ఖర్చు మీదే.

ఎవరి దగ్గరికి, ఎప్పుడు

బోర్డు మీద కాస్మెటిక్ సర్జన్ అని ఉంటే సరిపోదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా అని చూడాలి, మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఉంటుంది. కొత్తవి పెట్టినవి కాదు, తీసినవి ఎన్ని చేశారని అడగండి. తీసి కొవ్వు ఎక్కించిన కేసుల ఫోటోలు చూపిస్తే, అవి ఎన్ని నెలలప్పటివో అడగండి. నెల రోజుల ఫోటో వాపు ఫోటో. ఖర్చు చెప్పేటప్పుడు మత్తు డాక్టర్, గది, కొవ్వు తీసిన చోట వేసుకునే బిగుతు బట్టలు, జీఎస్టీ, రెండో విడత అవసరమైతే దాని ఖర్చు అన్నీ కలిపి రాసివ్వమనండి. మొదటి విడత ధర చూసి చౌక అనుకున్నది రెండోదానితో కొత్త ఇంప్లాంట్ ఖర్చుని దాటిపోవచ్చు.

ఆపరేషన్ చెన్నైలోనో బెంగళూరులోనో చేయించుకున్నా, స్కాన్లు ఇక్కడే తీయించుకుని సీడీతో సహా తీసుకెళ్లొచ్చు. ఎంఆర్ఐ అయితే రొమ్ముకు వాడే ప్రత్యేక కాయిల్ ఉందా, సిలికాన్ పగులు చూసే పద్ధతిలో తీస్తారా అని సెంటర్‌కి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లోపల చేరే నీరు, రక్తం బయటికి పోయే గొట్టం (డ్రెయిన్) పెడితే అది తీసేదాకా ఆ ఊళ్లోనే ఉండండి. ఇంటికి వచ్చాక జ్వరమో, ఒక వైపు వాపో వస్తే చూడటానికి ఇక్కడ ఒక సర్జన్‌తో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఇంట్లో కనీసం ఒక్కరికి అసలు సంగతి చెప్పండి. బంధువులకు గాల్ బ్లాడర్ అని చెప్పుకున్నా ఫర్వాలేదు, రాత్రి రెండింటికి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవాళ్లకు మాత్రం నిజం తెలియాలి.

కొవ్వు తీసిన చోట నాలుగు నుంచి ఆరు వారాలు బిగుతు బట్ట వేసుకోవాలి, రొమ్ము మీద మాత్రం ఏ ఒత్తిడీ పడకూడదు. కింద ఇనుప తీగ ఉన్న బ్రా వద్దు, బోర్లా పడుకోవద్దు. తిరుపతి ఏప్రిల్, మే ఎండల్లో ఆ బిగుతు బట్టతో ఉండటం నరకం, చెమటకు దద్దుర్లు కూడా వస్తాయి. వీలుంటే డిసెంబర్, జనవరిలో పెట్టుకోండి. అలిపిరి 3550 మెట్లు ఎక్కి వస్తానని మొక్కు ఉంటే ఆపరేషన్‌కి ముందే తీర్చుకోండి, లేదా ఆరు వారాలు దాటి డాక్టర్ సరేనన్నాక వెళ్లండి.

ఆరు నెలలు నిండాక, కొవ్వు కుదురుకున్నాక, ఒక అల్ట్రాసౌండ్, నలభై దాటినవాళ్లయితే మామోగ్రామ్ కూడా తీయించుకోండి. ఫిల్ములు పారేయొద్దు. తర్వాత ఎప్పుడు ఎక్కడ స్కాన్‌కి వెళ్లినా ఇంప్లాంట్ తీసిన తేదీ, కొవ్వు ఎక్కించిన తేదీ రేడియాలజిస్ట్‌కి చెప్పి, ఈ పాత ఫిల్ములు పక్కన పెట్టి చూడమనండి.